కోటవాకిట కూలిన గోడ

ఒమాన్‌లో బహ్లా నుంచి ఇబ్రి వెళ్లే రోడ్డు మీద, కాస్త లోపలికి, ఒక నల్లకొండ ఉంది. ఎవరో పెనం మీద మాడబెట్టి వదిలేసినట్టు ఉంటుంది. చెట్టూ చేమా లేవు. మేకలు కూడా అడుగునే తిరిగి వెళ్లిపోతాయి. మా ఆయన ఉద్యోగం కోసం బహ్లాలో కాపురం పెట్టిన కొత్తలో, కారులో దాని పక్కనుంచి వెళ్తూ, "దేవుడు ఈ దేశానికి రాళ్లు దింపి మట్టి తేవడం మర్చిపోయాడు" అన్నాను. "నీకు దేవుడి పనిలోనూ వంకే" అన్నాడాయన. ఆ కొండ మీదే వరసగా కొన్ని చలికాలాలు గడుపుతానని అప్పుడు నాకేం తెలుసు.

రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ కనబడదు. ఎక్కితే తెలుస్తుంది, శిఖరం చుట్టూ మనుషులు కట్టిన గోడ ఉందని. మట్టి లేదు, సున్నం లేదు. రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిన గోడ. చాలాచోట్ల నడుం ఎత్తున మిగిలింది, కొన్నిచోట్ల మనిషిని మించి ఉంది. లోపల ఇళ్ల పునాదులు, వాననీళ్లు నిలవ చేసుకున్న తొట్లు, ఎక్కడ చూసినా కుండపెంకులు. ఇనుపయుగం నాటి కోట అంటారు. పేరుకే ఇనుపయుగం, మాకు ఆ కొండ మీద ఒక్క ఇనుపముక్క దొరకలేదు, దొరికిన కాస్త లోహమూ రాగే. దాదాపు మూడు వేల ఏళ్ల కిందట అక్కడ మనుషులు వంటలు వండుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు, ఒకరోజు ఎందుకో వెళ్లిపోయారు.

పెళ్లికి ముందు నేను పురావస్తు శాస్త్రంలో ఎమ్మే చదివాను. ఆ సర్టిఫికెట్టు గుంటూరు నుంచి నాతోపాటే వచ్చి, సూట్‌కేసు అడుగున కలరా ఉండల వాసన పీలుస్తూ ఉండేది. యూరప్ నుంచి ప్రతి చలికాలం ఆ కోట తవ్వడానికి వచ్చే ప్రొఫెసర్ గారికి నేను పనికొచ్చింది మాత్రం ఆ చదువు వల్ల కాదు. ఆమె దగ్గర పనిచేసే కూలీలు జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. ఆమె ఇంగ్లీషు వాళ్లకు రాదు, వాళ్ల తెలుగు ఆమెకు రాదు, మధ్యలో హిందీ ముక్కలతో ఇరువైపులా అవస్థ. బహ్లా బజారులో తెలుగు తెలిసిన చదువుకున్న ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అని వాకబు చేస్తే నా పేరు చెప్పారట. మొదట మాటకోసం పెట్టుకుంది. తర్వాత పెంకులు కడిగి, గుర్తులు వేసి, బొమ్మలు గీసే పని కూడా నా నెత్తిన పెట్టింది. ఆమె పెద్ద మేడం, నేను చిన్న మేడం. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని వారం తిరక్కుండానే కూలీలందరికీ తెలిసిపోయింది.

ఆ కూలీల్లో ఒకాయన నిజానికి కూలీ కాదు, రాతిపని మేస్త్రి. బహ్లాలో ఎన్నో తోటల గోడలు ఆయన చేతి మీద లేచాయి. పనిలేని చలికాలంలో కాంట్రాక్టరు మా సైట్‌కు పంపించేవాడు. యాభై దగ్గర పడుతున్న మనిషి, బక్కగా ఉంటాడు, ఎర్రగళ్ల తువ్వాల తలకు చుట్టుకుంటాడు. నేను "మేస్త్రి గారూ" అంటే మొదట్లో వెనక్కి తిరిగి ఎవర్ని పిలుస్తున్నానా అని చూసేవాడు. మా పని చూసి ఆయనకు నవ్వాగేది కాదు.

"మేడం, మీ పని నాకు సమజైతలేదు. మేం తాపీ వట్టితె గోడ లేస్తది. మీరు తాపీ వట్టితె ఉన్నది గూడ పోతది" అనేవాడు.

"పోగొట్టడానికి కాదయ్యా, చదవడానికి."

"గంత సదువున్నదా మట్టిల!"

మా పనిలో అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఒకటుంది. పడింది పడ్డట్టే ఉండాలి. రాయి ఎటు వాలింది, దేని మీద ఏది పడింది, మధ్యలో ఎంత మట్టి చేరింది అన్నది చూస్తే, ఆ గోడ దానంతటదే మెల్లగా కూలిందా, భూమి కదిలి ఒక్కసారిగా ఒరిగిందా, మనుషులు పడగొట్టారా అన్నది చెప్పడానికి వీలవుతుంది. ఒక్కసారి కదిపితే ఇక ఎవరూ చెప్పలేరు. అందుకే ఫొటో తీసి, బొమ్మ గీసి, ఒక్కో రాయికి సుద్దతో గుర్తు పెట్టాకే ఎత్తాలి. ఇది కూలీలకు నేను రోజూ చెప్పేదాన్ని. పొద్దున్నే కొండెక్కగానే సుప్రభాతంలా ఇదే మొదలుపెడతానని వాళ్లలో వాళ్లు నవ్వుకునేవారు.

పెద్ద మేడం ఇన్నేళ్లూ ఆ కొండ చుట్టూ తిరిగింది ఒక్క ప్రశ్న కోసం. ఆ కోట ఎందుకు పాడుపడింది? శత్రువులు వచ్చారా, భూకంపమా, లేక వానలు తప్పి, నీళ్లు లేక మనుషులే వదిలేసి పోయారా? గోడల చుట్టూ పడిన రాళ్లను తరతరాలుగా మేకల కాపరులు ఎత్తుకుపోయి దొడ్లు కట్టుకున్నారు. పడ్డది పడ్డట్టుగా మిగిలింది ఒక్క చోటే, కోట వాకిలి దగ్గర. అక్కడి గోడ బయటికి కూలి, రాళ్లన్నీ ఒక గుట్టగా పడి, పైన మట్టి కప్పుకుపోయి ఉంది. ఆమె దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోలేదు, పూర్తిగా చేతనయ్యాక తవ్వుదామని. ఆ చలికాలం ఆమెకు ఆఖరిది. మరుసటేడు ఉద్యోగ విరమణ, అనుమతి కూడా అక్కడితో సరి. అందుకని వాకిలి మొదలుపెట్టాం.

మట్టి తీసి రాళ్ల గుట్ట పైభాగం తేల్చేసరికి గురువారం అయింది. పైనుంచి కెమెరా ఎగరేసి కొలతలతో ఫొటోలు తీసే మనిషి మస్కట్ నుంచి ఆదివారం వస్తానన్నాడు. శుక్ర, శనివారాలు ఎలాగూ సెలవే. ఆదివారం దాకా ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని పెద్ద మేడం అంది, నేను తెలుగులో చెప్పాను, అందరూ తలూపారు. సెలవు రోజుల్లో కోట దగ్గర కూలీలు వంతులవారీగా కాపలా ఉంటారు. ఆ వారం వంతు మేస్త్రిది.

ఇక్కడ మేస్త్రి తమ్ముడి సంగతి చెప్పాలి. అంతకు ముందటి చలికాలం, పెంకులు కడుగుతూ కూర్చున్నప్పుడు ఆయనే చెప్పాడు. తమ్ముణ్ణి ఒమాన్‌కు రప్పించింది ఈయనే. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఇబ్రి దగ్గర పైపుల సైట్‌లో పని. కరోనా రోజుల్లో, లోతు కందకంలో దిగి పైపు సరిచేస్తుంటే పక్క గట్టు విరిగి మీద పడింది. రాళ్లూ మట్టీ. తోటివాళ్లు చేతులతో తీయబోతే, ఇంకో వైపు కూడా కూలుతుంది, మిషన్ వచ్చేదాకా ఆగండి అన్నారట సైట్ పెద్దలు. మిషన్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

అప్పుడు ఊళ్ల మధ్య దారులు మూసేశారు. బహ్లా నుంచి ఈయన్ని కదలనివ్వలేదు. విమానాలు లేవు. కంపెనీవాళ్లే శవాన్ని సొహార్ తీసుకెళ్లి అక్కడి హిందూ శ్మశానంలో దహనం చేయించారు. మేస్త్రి తన రూమ్‌లో కూర్చున్నాడు.

"ఫోన్ల సూపిచ్చిన్రు మేడం. బట్ట సుట్టిన మూట. గంతే. ఫోన్ల సూసుడు గూడ సూసుడేనా?" అన్నాడు నాతో. "పెద్దోణ్ణి, నేనుండంగ వాణ్ని పరాయోళ్లు మోసిన్రు."

నేను పెంకులు కడుగుతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున పెద్ద మేడం, నేను ముందు ఎక్కాం. వెనకాల మస్కట్ మనిషి తన పెట్టెతో రొప్పుతూ వస్తున్నాడు. ఆమె ఆ రోజు ఎంత హుషారుగా ఉందో. మెడకు కొత్త రుమాలు కట్టుకుంది. పండక్కి తయారైనట్టున్నారే అన్నాను. నా పండగ ఇవాళే అని నవ్వింది.

వాకిలి ముందు ఊడ్చినట్టుంది. రాళ్ల గుట్ట లేదు.

గుట్ట ఉండాల్సిన చోటికి పక్కన, కోటగోడను ఆనుకుని, ఒక కొత్త గోడ ఉంది. మూలలు ఒకదానిలో ఒకటి ఇమిడి, సందుల్లో చిన్న చిన్న చిప్పలు బిగించి, పైవరస సమంగా ముగించిన గోడ. ఎంత చక్కగా ఉందంటే, ఆ కొండ మీద దానంత నిలువుగా నిలబడింది ఇంకోటి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. దాని ముందర, రాళ్లు తీసేసిన చోట, నేల మీద ఎర్రగళ్ల తువ్వాల పరిచి ఉంది. ఎగిరిపోకుండా అంచుల మీద గులకరాళ్లు పెట్టి ఉన్నాయి. తువ్వాల పక్కన మేస్త్రి గొంతుకూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

పెద్ద మేడం అరవలేదు. నెమ్మదిగా వెళ్లి తువ్వాల ఒక కొస ఎత్తి చూసింది. నేనూ చూశాను. మనిషి ఎముకలు. కుడిచెయ్యి తలమీదికి వంగి ఉంది. ఆమె తువ్వాల మళ్లీ కప్పి, ఆ కొత్త గోడ వైపు ఒకసారి చూసి, పక్కనున్న బండ మీద కూలబడింది. ఆమె అరవలేదు కాబట్టి ఆ పని నేను చేశాను.

"ఏం పనయ్యా ఇది? రాయి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"జెప్పిన్రు మేడం."

"మరి?"

"కింద మనిషున్నడు మేడం. బండల సందుకెళ్లి చేతి ఏళ్లు కనవడ్డయి."

"ఉంటే? ఆదివారం దాకా ఆగితే ఏమయ్యేది? మూడు వేల ఏళ్లు ఆగినవాడు రెండు రోజులు ఆగలేడా?"

మేస్త్రి నా మొహంలోకి చూశాడు. ఆయన ఎప్పుడూ అలా సూటిగా చూసేవాడు కాదు.

"మా తమ్మునికి గూడ గట్లనే అన్నరు మేడం. మిషిన్ అచ్చేదాంక ఆగుమన్నరు."

మస్కట్ మనిషి అప్పుడే పైకి చేరి, కెమెరా పెట్టె కింద పెట్టి, ఎక్కడ మొదలుపెట్టమంటారని అడుగుతున్నాడు.

కొంతసేపటికి పెద్ద మేడం మేస్త్రిని అడగమని నాకు చెప్పింది. మేం గురువారం చూసిన పైరాళ్ల కింద ఏ రాళ్లున్నాయి? పెద్దవి ముందు పడ్డాయా, చిన్నవా? రాళ్ల మధ్య మట్టి ఉందా, ఖాళీ ఉందా? అన్నీ ఎటు వాలి ఉన్నాయి? ఒక్కొక్కటే తెలుగులో అడిగాను. ఆయన నుదురు రుద్దుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. నిజంగా గుర్తు తెచ్చుకోవాలనే చూశాడు, నాకు తెలుస్తూనే ఉంది. గోడలు కట్టే మనిషి, రాయిని చేత్తో పట్టుకున్నాక దాని తీరు తెలియకుండా ఉంటుందా అని నాకొక ఆశ.

"యాదికి లేదు మేడం" అన్నాడు చివరికి. "నేను బండలను సూడలేదు. ఆయన్నే సూస్కుంట తీసిన. చెయ్యి మీదికెళ్లి ఒకటి తీసిన, ఎదల మీదికెళ్లి ఒకటి తీసిన. తీసినంక ఏడ వడేస్త? గందుకే గోడకు వేర్చిన."

పెద్ద మేడానికి ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట కూడా వదల్లేదు, కలపలేదు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. మెడకు కట్టుకున్న కొత్త రుమాలు విప్పి చేతిలో నలుపుతూ, "అయితే ఇక చెప్పలేం" అంది. నాకు ఆమె మీద ఎంత జాలేసిందో మాటల్లో పెట్టలేను. ఎన్నేళ్లు, ఎన్ని చలికాలాలు, చేతికందే ముందు రోజు పోయింది. మేస్త్రి మీద జాలేసింది, కోపమూ వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తగ్గించలేదు. ఇంటికెళ్లి మా ఆయన అడిగిన కాఫీ పెట్టకుండా కోపం గిన్నెల మీద చూపించాను.

తవ్వకాల మీద ప్రభుత్వం తరఫున ఒక ఇన్‌స్పెక్టరు గారు ఉంటారు. ఒమానీ, బహ్లా మనిషే. మడమలదాకా తెల్లటి దిష్దాషా అంగీ, కుట్టుపని టోపీ, గొంతు పెంచని మాట. ఆ మధ్యాహ్నం వచ్చి అంతా చూశారు. కొత్త గోడను చేత్తో తడిమి, బాగా కట్టాడు అని అరబ్బీలో గొణుక్కున్నారు కూడా. కానీ జరిగింది చిన్న తప్పు కాదు. రికార్డు కాకముందే పురాతన నిర్మాణాన్ని కదిపారు. ఇకమీదట మేస్త్రి కొండ ఎక్కకూడదన్నారు. కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు. కాంట్రాక్టరు ఇంటికి పంపించేస్తానని ఎగిరాడు. పెద్ద మేడమే వద్దంది. వారం చివర బురైమిలో ఏదో ప్రహరీ పని ఉంది, అక్కడికి మార్చేస్తానన్నాడు. అది ఖాయమైంది.

ఆ వారమంతా మేము పైన ఆ ఎముకల చుట్టూ మట్టి తీశాం. కుంచెలతో, వెదురు పుల్లలతో, ఊపిరి బిగబట్టి చేసే పని. పెద్ద మేడం తనే ఎక్కువ భాగం చేసింది. తొడఎముక కొసలు ఇంకా పూర్తిగా అతుక్కోలేదని చూపించింది, అంటే ఎదుగుదల ముగియని వయసు. పుర్రె కుడివైపు పగిలి ఉంది. పరిగెత్తబోయి పడిపోయాడో, వాకిలి మూయబోయాడో, నిద్రలో ఉన్నాడో, ఎవరికి తెలుసు. చెయ్యి మాత్రం తలకు అడ్డం పెట్టుకున్నాడు. గోడ ఎవరు పడగొట్టారో, ఏది పడగొట్టిందో చెప్పే రాళ్లు మాత్రం చక్కగా వరసల్లో పేర్చి మా పక్కనే ఉన్నాయి.

మేస్త్రిని కొండ కింద క్యాంపులో పెంకులు కడిగే పనికి పెట్టాం. నేను దిగి రాగానే లేచి ఎదురొచ్చేవాడు. తన సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. బురైమి ఎప్పుడు, ఏ పని, ఏ రూమ్, ఏదీ లేదు.

"ఇయ్యాల ఎంతవరకు తీసిన్రు మేడం? మొఖం మీద మట్టి వోయిందా?"

పోయింది అంటే తలూపి మళ్లీ తొట్టి దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు అడిగాడు, అంతా తీసినాక ఎక్కడికి తీసుకుపోతారని. మస్కట్‌కు, అన్నాను. పెట్టెలో సర్ది, ఏసీ గదిలో అర మీద పెడతారు, పరీక్షలు చేస్తారు.

"మన్నుల వెట్టరా?"

"ఇప్పట్లో కాదు."

ఆయన చేతిలోని పెంకును అటూ ఇటూ తిప్పి, నీళ్లలో ముంచి, మళ్లీ తీసి, మళ్లీ ముంచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"మేడం, ఒక్కటడుగుత. కొండ మీదికెళ్లి కిందికి దించేటప్పుడు ఆయన్ను నేను వట్టుకస్త. గంతే. తర్వాత బురైమి పొమ్మంటె బురైమి పోత, ఇంటికి పొమ్మంటె ఇంటికి పోత."

"పైకి రాకూడదన్నారు కదయ్యా నిన్ను."

"ఎర్కే మేడం. మీరు అడుగుండ్రి. మా తమ్మున్ని నేను మొయ్యలే."

అడుగుతానన్నాను. అడగడం నాకు ఇష్టం లేదు, అది చెప్పాలి. పెద్ద మేడం అప్పటికే సగం అయిపోయి ఉంది. అలాంటి మనిషి దగ్గరికి, ఆమె పని పాడుచేసినవాడి కోరిక మోసుకుపోవడం ఎవరికి మాత్రం బాగుంటుంది? టీ వేళ గుడారంలోకి వెళ్లి, తమ్ముడి సంగతి మొదటినుంచీ చెప్పాను. కందకం, మిషన్, మూసేసిన దారులు, ఫోన్లో మూట. ఆమె టీ కప్పు పట్టుకుని తాగకుండా విన్నది. విని, వద్దు అంది.

"అతను చేసిందానికి నేను బహుమానం ఇవ్వాలా?"

"అది బహుమానం కాదండీ" అన్నాను. నాకూ గొంతు లేచింది. "మా వాళ్లలో అది అప్పు కూడా కాదు, పుణ్యం కూడా కాదు. పెద్దవాడు మొయ్యాలి, అంతే. మొయ్యకపోతే మనిషి అక్కడే నిలిచిపోతాడు. చచ్చినవాడి సంగతి కాదు నేననేది, బతికున్నవాడి సంగతి."

ఆమె కప్పు కింద పెట్టేసింది. టీ చల్లారిపోయింది.

"అతని మీద నా కోపం పోలేదు" అంది. "పోదు కూడా. అది వేరే సంగతి. పెట్టె మోయనివ్వు. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటే."

ఇన్‌స్పెక్టరు గారు ఒప్పుకోరనే అనుకున్నాను. నా అరబ్బీ కూరల అంగడి అరబ్బీ, అందులో తడుముకుంటూ చెబితే, ఆయన మధ్యలోనే చెయ్యెత్తి ఆపారు. తమలో జనాజా, అంటే శవయాత్ర, వెళ్తుంటే దారిన పోయేవాడు కూడా వచ్చి భుజం పెడతాడట, ఎవరినీ కాదనరట. "భుజం పెడతానన్నవాణ్ణి నేను కాదంటే రేపు నా జనాజాకు ఎవరొస్తారు?" అన్నారు. ఆ ఒక్కసారికి, ఆయన ముందే, ఎక్కి దిగాలి, ఇంకేదీ ముట్టుకోకూడదు.

గురువారం పొద్దున ఎముకలన్నీ కాగితాల్లో చుట్టి పెట్టెలో సర్దాను. పొడుగాటి చెక్కపెట్టె. మనిషి పడుకున్న వరసలోనే సర్దాను. అలా చెయ్యాలని నియమమేమీ లేదు. కింద జీపు సిద్ధంగా ఉంది, పెట్టెకోసం. కాంట్రాక్టరు పికప్ కూడా ఉంది, మేస్త్రికోసం, ఆయన బట్టల సంచి అప్పటికే అందులో పెట్టేశారు.

మేస్త్రి తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఎక్కాడు. కాళ్లకు చెప్పుల్లేవు. ఆ రాళ్ల మీద ఉత్తకాళ్లతో నడవడమేమిటని అనబోయి ఊరుకున్నాను. వాకిట్లోకి రాగానే తను కట్టిన గోడ వైపు చూడనైనా చూడలేదు. పెట్టె ముందు నిలబడి చేతులు జోడించి, ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదేమో, ఒక్కక్షణం తూలాడు.

"గింతేనా మేడం" అన్నాడు.

ఇంతే అన్నాను.

ఆయన ముందు, ఇన్‌స్పెక్టరు గారు పక్కన, పెద్ద మేడం, నేను వెనక. ఎవరూ చెప్పకుండానే కూలీలంతా తట్టలు, పారలు అక్కడే పెట్టేసి మా వెనకాలే దిగారు. దారి నిటారుగా, జారుడుగా ఉంటుంది. ఆయన ఎక్కడా ఆగలేదు. ఎండ అప్పుడే ఎక్కుతోంది.

కొండకు నడుమ ఒక చదును బండ ఉంది. ఎక్కేటప్పుడు అందరం అక్కడ కాసేపు కూర్చుని నీళ్లు తాగుతాం. అక్కడికి రాగానే మేస్త్రి నిలబడి, మోకాళ్ల మీద వంగి, పెట్టెను జాగ్రత్తగా బండ మీద దించాడు. అలిసిపోయాడనుకుని పెద్ద మేడం నీళ్ల సీసా చాపింది. ఇన్‌స్పెక్టరు గారు ఏమిటన్నట్టు నా వైపు చూశారు. నా వెనకనున్న కూలీలు మాత్రం ఒక్కరొక్కరే తలగుడ్డలు తీసేశారు. అప్పుడర్థమైంది నాకు. దింపుడు కళ్లం. శ్మశానానికి పోయే దారిలో పాడె దించి, అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఏ మూలైనా మిగిలుంటే పలుకుతుందేమోనని.

ఏమని పిలుస్తాడు? ఆ పెట్టెలో ఉన్నవాడి పేరు ఎవరికీ తెలియదు. వాళ్ల అమ్మ వాణ్ణి ఏ భాషలో పిలిచేదో కూడా తెలియదు.

మేస్త్రి నా వైపు తలెత్తాడు.

"మేడం, తల ఎటున్నది?"

చూపించాను. ఆయన అటువైపు జరిగి, మూత మీద చేతులు ఆనించి, నోరు చెక్కకు తగిలేంతగా వంగాడు.

"తమ్మీ" అన్నాడు.

పెద్ద మేడం నా చెయ్యి పట్టుకుని, ఏమంటున్నాడని గుసగుసగా అడిగింది. తమ్ముణ్ణి పిలుస్తున్నాడని చెప్పాను.

"తమ్మీ!"

ఇన్‌స్పెక్టరు గారు టోపీ సర్దుకుని, చేతులు ముందుకు కట్టుకుని, తల వంచుకున్నారు.

"తమ్మీ! లే తమ్మీ!"

మూడోసారి అది పిలుపులా లేదు, అరుపు. ఎదుటి కొండకు తగిలింది. తర్వాత మేస్త్రి మూత మీద చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఊరికే ఆచారానికి చెవి పెట్టడం కాదు, నిజంగా విన్నాడు. మేమంతా కదలకుండా నిలబడ్డాం, అడుగు తీసి అడుగు వేస్తే ఆ చప్పుడుకు ఏదైనా వినబడకుండా పోతుందేమోనన్నట్టు.

కొంతసేపటికి లేచాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, పెట్టెను మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"పలుకలే మేడం" అని నాతో చెప్పి, కిందికి నడిచాడు.